ఇన్‌ఛార్జి కోడలు

బోర్డు భోజనాల బల్ల మీద ఉంది. పక్కన సాసర్లో నాలుగు మరలున్నాయి.

ఇరవై నాలుగేళ్ళుగా గేటుకి అతుక్కుని ఉన్న బోర్డు అది. తెల్ల రేకు మీద నల్లక్షరాలు. పై వరసలో 'మేట్రన్' అని బెత్తెడు ఎత్తున ఉంటుంది. కింది వరసలో 'గౌరవ' అన్న ముక్క, కళ్ళజోడు తుడుచుకుని చూస్తే తప్ప ఆననంత చిన్నగా ఉంటుంది.

"ఎవరు తీశారు?" అంది మేట్రనమ్మ.

పొద్దున్న ఏడింటికి ఒకసారి అడిగింది. ఏడుంబావుకి ఇంకోసారి అడిగింది. ఇంట్లో ఉండేది ముగ్గురే కాబట్టి, అడిగిన మనిషిని తీసేస్తే మిగిలేది ఇద్దరు. వాళ్ళలో కోడలు స్నానాల గదిలో ఉంది. కొడుకు రొట్టె మీద వెన్న రాస్తున్నాడు. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు.

"నేనే తీశానమ్మా. రంగు వెలిసింది కదా, కొత్తగా వేయిద్దామని."

"రంగు వెలవలేదు."

"కొంచెం వెలిసిందమ్మా."

"ఊళ్ళో అందరికీ చూపు సరిగ్గా లేదని చెప్పి నువ్వు షాపు నడుపుకుంటున్నావు. నాకు చెప్పకు. నా చూపు బాగానే ఉంది."

అరవై రెండేళ్ళ కొడుకు కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. ఆ షాపులో గట్టిగానే మాట్లాడతాడు. ఇంటికొస్తే మాత్రం తల్లి ముందు ఇప్పటికీ పదో తరగతి తప్పినవాడిలా ఉంటాడు.

"అయితే మీ ఆవిడ తీయించింది," అంది మేట్రనమ్మ.

"తనకి తెలియను కూడా తెలియదు."

"తెలియకపోవడానికి, తనేమైనా గేటు వదిలేసి గోడ దూకి వెళ్తోందా డ్యూటీకి?"

కొడుకు రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. సమాధానం చెప్పకుండా ఉండటానికి అంతకంటే మర్యాదైన దారి అతనికి తోచలేదు.

గొడవ బోర్డుతో మొదలైంది కాదు. ఫ్రిజ్ మీద స్టీలు గ్లాసు కింద తొమ్మిది రోజులుగా రెపరెపలాడుతున్న కాగితంతో మొదలైంది. ఆ కాగితం పేరు హోదా విడుదల పత్రం. అది ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ మేట్రనమ్మ తన కంచం తన గదిలోకి మార్చుకుంది. కోడలితో చెప్పాల్సినవన్నీ కొడుకుతో చెబుతోంది, కోడలు పక్కనే ఉన్నా సరే.

ఆ ఆసుపత్రి ఆనవాయితీ అలాంటిది. అక్కడ మేట్రన్ అన్న హోదా ఎప్పుడూ ఒక్కరికే ఉంటుంది. రిటైరైనా ఆ హోదాని గౌరవంగా జీవితాంతం ఉంచుకోవచ్చు. ఉంచుకున్నంతకాలం, తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు పని అంతా చేస్తారు గానీ, వాళ్ళని ఇన్‌ఛార్జి అంటారు. పాత మేట్రన్లు ఏడాదో రెండేళ్ళో ఆ ముచ్చట తీర్చుకుని, సంతకం పెట్టి, పూలగుత్తి పుచ్చుకుని వదిలేసేవారు. ఈ మేట్రనమ్మ వదల్లేదు. ఇద్దరు ఇన్‌ఛార్జిలు ఇన్‌ఛార్జిలుగానే ఇంటికి పోయారు. మూడో ఇన్‌ఛార్జి ఆవిడ సొంత కోడలు. పదకొండేళ్ళుగా చేస్తోంది. వచ్చే శనివారం ఆమె రిటైరవుతుంది.

బుధవారం కమిటీ కూర్చుంటుంది. ఆ లోగా సంతకం పడితే కోడలు మేట్రన్‌గా దిగుతుంది, ఆ హోదా బతికినన్నాళ్ళూ ఆమెది. పడకపోతే, ముప్పై అయిదేళ్ళ నౌకరీకి మిగిలేది ఇన్‌ఛార్జి అన్న మాట. ఇన్‌ఛార్జి హోదాని గౌరవార్థం ఉంచుకునే వీలు ఏ నిబంధనలోనూ లేదు.

కోడలు బూడిదరంగు యూనిఫాంలో బయటికొచ్చింది. బల్ల మీద బోర్డుని చూసింది, భర్తని చూసింది, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంది. ఆమె కాఫీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది.

"బోర్డు నేను తీయించలేదు అత్తయ్యా."

"నేను తనని అడగలేదని చెప్పరా," అంది మేట్రనమ్మ కొడుకుతో.

"అమ్మా, ఒక్క సంతకం. ఇరవై నాలుగేళ్ళు ఉంచుకున్నావు. ఇంకా ఏం చేసుకుంటావు దాన్ని?"

"నేనేం చేసుకుంటానో ఎవరికీ చెప్పక్కర్లేదు."

"తను పరాయిది కాదు కదా."

"పరాయిదైతే తేలిగ్గా ఉండేది," అంది మేట్రనమ్మ. ఆ మాట ఎందుకందో కొడుక్కి అర్థం కాలేదు. కోడలికీ అర్థం కాలేదు. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఐదో వార్డు సిస్టరు నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్న మనిషి. కానీ చేతిసంచీ గుండెలకి హత్తుకుని, బళ్ళో బల్లెక్కిన పిల్లలా నిలబడింది.

"బోర్డు లేదు కదండీ, ఇల్లు తప్పానేమో అనుకున్నాను."

"రా లోపలికి. ఏం చేశావు?" అంది మేట్రనమ్మ.

"నిన్న ఆరో మంచం జ్వరం తొమ్మిదో మంచం చీటీలో ఎక్కించానండీ. మందు వేసే లోపే ఇన్‌ఛార్జి మేడమ్ పట్టుకున్నారు. పుస్తకంలో రాసి రమ్మన్నారు."

ఇదీ ఆనవాయితీయే. తప్పు చేసిన నర్సు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా, తన తప్పు తన చేతి రాతతో మేట్రన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. మేట్రన్ దాన్ని చదివి, మూసి, ఇంకెప్పుడూ ఎత్తకూడదు. పుస్తకం హోదాతో పాటే ఉంటుంది. కాబట్టి ఇరవై నాలుగేళ్ళుగా అది ఈ ఇంట్లో, మేట్రనమ్మ గదిలోని బీరువాలో ఉంది. నర్సులు ఇక్కడికే వచ్చి, ఈ భోజనాల బల్ల దగ్గరే కూర్చుని రాస్తారు. పంపించేది కోడలు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చేదీ కోడలే. వాళ్ళు రాస్తున్నప్పుడు మాత్రం ఆమె వంటింట్లోకి వెళ్ళిపోవాలి.

మేట్రనమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి పుస్తకం తెచ్చింది. ఎర్ర అట్ట, మందంగా ఉంటుంది. రాసిన పేజీలన్నిటినీ కలిపి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, ఖాళీ పేజీ ఒక్కటే తెరిచి బల్ల మీద పెట్టింది.

కోడలు కప్పు కడగడానికని వంటింట్లోకి వెళ్ళింది. కప్పు ఒకటే. చాలాసేపు కడిగింది.

*

ఆసుపత్రి ఆఫీసులో హెడ్ గుమస్తా నిబంధనల పుస్తకం లేకుండానే నిబంధనలు చెప్పగలడు. చెప్పమని అడిగినవాళ్ళంటే అతనికి ప్రాణం.

"సంతకం ఒక్కటే కాదు మేడమ్. పత్రంతో పాటు మూడు వస్తువులు రావాలి. వాచీ, బీరువా తాళం, పుస్తకం."

వాచీ అంటే యూనిఫాంకి గుచ్చుకునే వాచీ. చూసేవాళ్ళకి తలకిందులుగా, పెట్టుకున్నవాళ్ళకి తిన్నగా కనిపిస్తుంది. నాడి చూస్తూ చెయ్యి తిప్పకుండా టైము చూడటానికి. కోడలు పదకొండేళ్ళుగా తన సొంత వాచీనే గుచ్చుకుంటోంది.

"పుస్తకం నేను చదవాలా?"

"చదివే హక్కు మేట్రన్‌కే. లెక్కపెట్టే పూచీ తీసుకునేవాళ్ళది. ప్రతి పేజీకీ నంబరుంటుంది. ఒక్కొక్కటీ తిప్పి లెక్కపెట్టి, 'అన్నీ సరిగ్గా ఉన్నాయి' అని చివర రాసి సంతకం పెడితే, కమిటీ ఆ పక్కన ముద్ర వేస్తుంది. మీరు మేట్రన్."

"సరిగ్గా లేకపోతే?"

హెడ్ గుమస్తా పెన్ను కిందపెట్టాడు. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగారని అతని ముఖం వెలిగిపోయింది.

"పేజీ చిరిగినా తేడాయే. రోగికి గాయమైన తప్పు పుస్తకంలో ఉండి, కమిటీ దాకా రాకపోయినా తేడాయే. తేడా ఉందని మీరు రాస్తే, ఇచ్చినవాళ్ళ హోదా రద్దు. విచారణ తేలేదాకా కొత్తవాళ్ళకీ ఇవ్వరు. అది తేలడానికి మూడు నెలలైనా పడుతుంది. అయినా మీకెందుకు మేడమ్ ఆ సంగతి? మీ అత్తగారు వదిలితే కదా."

"వదలరంటారా?"

"మొదటి ఇన్‌ఛార్జి ఇదే బెంచీ మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండో ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, నన్ను తిట్టి వెళ్ళింది. మీరేం చేస్తారో మీ ఇష్టం."

ఆమె ఏమీ చేయలేదు. మూడో వార్డుకి వెళ్ళింది.

మూడో వార్డులో ఆపరేషన్ అయినవాళ్ళుంటారు. ఆమె మంచం మంచం దగ్గరా ఆగి, దుప్పటి కాళ్ళ వైపు ఎత్తి, వేడినీళ్ళ బ్యాగు ఉంటే దాని మీద చెయ్యి వేసింది. తువ్వాలు రెండు మడతలు ఉందా, పొడిగా ఉందా, ముడి గట్టిగా ఉందా అని చూసింది. రోజుకి నాలుగుసార్లు చూస్తుంది. వెనక నర్సులు ఆమెని తువ్వాళ్ళ మేడమ్ అంటారు. ఆమెకి తెలుసు. ఆమె ఎందుకలా చూస్తుందో తెలియనిది వాళ్ళకే.

ముప్పై ఏడేళ్ళ కిందట, ఇదే వార్డులో, ఆమె ఇరవై ఒక్కేళ్ళ ట్రైనీ. మత్తు దిగని ఒక రోగి కాళ్ళ దగ్గర వేడినీళ్ళ బ్యాగు పెట్టింది. సాయంత్రానికి ఆవిడ మడమ కాలిపోయి ఉంది. తువ్వాలు మంచం కింద పడి ఉంది. మత్తులో ఉన్న మనిషి కాలు వెనక్కి లాక్కోలేదు, అరవలేదు. తను తువ్వాలు చుట్టాననే అనుకుంది ట్రైనీ. కానీ చుట్టిన తువ్వాలు మంచం కిందికి ఎలా వెళ్తుందని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. పుస్తకంలో రాసింది, కమిటీ ముందు ఒప్పుకుంది. ఒక ఏడాది చదువు పోగొట్టుకుని, తన కంటే చిన్నవాళ్ళతో కలిసి మళ్ళీ చదివింది.

ఆ రోగి తపాలా ఆఫీసులో స్టాంపులు అమ్మే ఆవిడ. ఆ తర్వాత ఎప్పుడూ ఆ కాలు పూర్తిగా నేలకి ఆనించి నడవలేదు. చాలా ఏళ్ళు కోడలు ఆవిడ కౌంటరు తప్పించి పక్క కౌంటర్లో స్టాంపులు కొనేది. ఆరేళ్ళ కిందట ఆవిడ పోయినప్పుడు వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఆవిడ పిల్లలకి క్షమాపణ చెప్పుకుంది.

ఆ మడమ కాలిన రోజు నుంచీ ఈ రోజు దాకా ఆమె తన చేత్తో వేడినీళ్ళ బ్యాగు నింపలేదు. ఇంట్లో అత్తగారి మోకాళ్ళకి రోజూ సాయంత్రం బ్యాగు కావాలి. అది కొడుకు నింపుతాడు.

తప్పు జరిగిన రెండేళ్ళకి, అప్పటి మేట్రన్ ఆ ట్రైనీనే ఏరికోరి కోడలిగా చేసుకుంది. ఎంత పెద్ద మనసు అని ఊరంతా చెప్పుకున్నారు. గౌరవ హోదా ఇచ్చినప్పుడు చదివిన సన్మాన పత్రంలో 'తప్పు చేసినవారిని సైతం దిద్ది, అక్కున చేర్చుకున్న మాతృమూర్తి' అని ఒక వాక్యం ఉంది. అది చట్రం కట్టించి హాల్లో తగిలించారు. కోడలు రోజూ దాన్ని తుడుస్తుంది.

*

మంగళవారం సాయంత్రం కొడుకు షాపు నుంచి తొందరగా వచ్చేశాడు. రాబోయేది తప్పదని తెలిసినవాడు గొడుగు తెచ్చుకున్నట్టు, దారిలో తలనొప్పి బిళ్ళలు తెచ్చుకున్నాడు.

కోడలు ఫ్రిజ్ మీది కాగితం తీసి, పెన్ను తీసి, అత్తగారి గదిలోకి వెళ్ళింది. మేట్రనమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద బ్యాగు ఉంది.

"అత్తయ్యా, నాతోనే మాట్లాడండి. ఆయన్ని మధ్యలో పెట్టొద్దు."

"మాట్లాడటానికేముంది?"

"రేపు పదకొండింటికి కమిటీ. మీరు పెట్టనంటే పెట్టనని చెప్పండి. కారణం కూడా చెప్పండి. చాలు."

"పదకొండేళ్ళు చేశావు. ఆ మాట లేకపోతే నీకేం తక్కువైంది? నర్సులు నీ మాట వినలేదా? డాక్టర్లు నిన్ను లెక్కచేయలేదా?"

"అందరూ విన్నారు. అందరూ లెక్కచేశారు."

"మరి?"

"మీకు తక్కువైందా, ఉంచుకున్నారు? ఇరవై నాలుగేళ్ళయింది మీరు వార్డు మెట్లెక్కి. గ్యాసు వాడు కూడా మేట్రనమ్మ గారిల్లు ఎక్కడని అడిగి వస్తాడు. నేను పొద్దున్న నుంచీ రాత్రి దాకా నలుగురు మనుషుల పని చేసి వస్తే, ఇన్‌ఛార్జి గారు వచ్చారండీ అని మీతో చెబుతాడు."

గుమ్మం బయట కొడుకు ఒక బిళ్ళ మింగాడు.

"నాకు మోజే అనుకోండి," అంది కోడలు. ఆమె గొంతు పెరగలేదు. "చిన్నపిల్ల చాక్లెట్టు అడిగినట్టు అడుగుతున్నాననుకోండి. నాకది కావాలి. ఆ పేరు నా పేరు పక్కన ఒక్క రోజైనా ఉండాలి. శుక్రవారం ఒక్క రోజున్నా చాలు."

మేట్రనమ్మ బ్యాగుని ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి జరుపుకుంది.

"మీరెందుకివ్వట్లేదో నాకు తెలుసు అత్తయ్యా."

ముసలావిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏం తెలుసు?"

"పుస్తకంలో నా పేజీ. ఎనభై ఏడు. ఆ మడమ. నన్ను కోడలిగా చేసుకున్నారు గానీ, మేట్రన్‌ని చేయడానికి మీకు మనసొప్పట్లేదు. ఒక మనిషి కాలు కాల్చినదాని చేతికి ఆ పుస్తకం ఎలా ఇస్తానని మీకు ఉంది. అంతే కదా? అవునంటే అవునని చెప్పండి. నేను మళ్ళీ అడగను."

కొడుకు తలుపు రెక్క పట్టుకుని లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

మేట్రనమ్మ కోడలి ముఖంలోకి చూడలేదు. ఆమె చేతిలోని పెన్నుని చూసింది.

"అవును," అంది. "అందుకే."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

కోడలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. తొందర లేకుండా, అంచులు సరిచూసుకుని మడతపెట్టింది. పెన్నుకి మూత పెట్టింది.

"న్యాయమే అత్తయ్యా. నాకూ ఎప్పుడూ అదే అనిపించేది. మీ నోటి నుంచి వినాలని చూశాను." దుప్పటి అంచు సర్దింది. "బ్యాగు చల్లారినట్టుంది. ఆయన మార్చి తెస్తారు."

ఆమె వెళ్ళి కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. కత్తి చప్పుడు ఎప్పటిలాగే వినిపించింది. ఏడుపు గానీ, గిన్నెలు విసిరికొట్టడం గానీ వినిపించలేదు. వినిపించి ఉంటే మేట్రనమ్మ తట్టుకునేదేమో.

"ఇంత మాట ఎలా అన్నావమ్మా?" అన్నాడు కొడుకు. తల్లిని అతను అలా నిలదీయడం అదే మొదటిసారి. "ముప్పై ఏడేళ్ళయిందే! ఆ మనిషి కూడా పోయింది. నువ్వింకా పట్టుకుని కూర్చున్నావా?"

"పట్టుకునే కూర్చున్నానురా," అంది మేట్రనమ్మ. "ఆ బ్యాగు తీసుకెళ్ళు. ఇవాళ నాకొద్దు."

*

బుధవారం పొద్దున్న కోడలు కాఫీ తాగడానికి వచ్చేసరికి, బల్ల మీద బోర్డు పక్కన నాలుగు వస్తువులు ఉన్నాయి. సంతకం పెట్టిన పత్రం, వాచీ, తాళం, పాత తువ్వాల్లో చుట్టిన పుస్తకం. మడతపెట్టిన పత్రం కోడలి చేతిసంచీలోంచి తీసి, ఇస్త్రీ చేసినంత చదునుగా అరచేత్తో సాపు చేసినట్టుంది. మడతల గీతలు మాత్రం పోలేదు.

మేట్రనమ్మ తన గదిలో కాకుండా హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది.

"పేజీలు నువ్వే లెక్కపెట్టాలి," అంది కోడలితో, నేరుగా. "హెడ్ గుమస్తా తొందరపెడతాడు. తొందరపడకు. ఒక్కొక్కటీ తిప్పు."

కోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి. వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

"వద్దు," అంది మేట్రనమ్మ, కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుని. "టైమవుతోంది. వెళ్ళు."

కమిటీ గది బయట బెంచీ మీద కూర్చుని ఆమె రబ్బరు బ్యాండ్లు తీసింది. చదవకూడదు కాబట్టి కింద మూలనున్న నంబర్లు మాత్రమే చూస్తూ తిప్పింది. నలభై, నలభై ఒకటి. పాత సిరా వాసన వచ్చింది. అరవై. డెబ్భై రెండు. తెలిసినవాళ్ళ రాతలు కంటి చివర తగులుతుంటే చూపు పక్కకి తిప్పుకుంది.

ఎనభై ఏడు దగ్గర ఆగకుండా ఉండలేకపోయింది. తన రాతే. ఇరవై ఒక్కేళ్ళప్పటి గుండ్రటి అక్షరాలు. 'తువ్వాలు చుట్టడం మరచితిని' అని ఉంది. పక్కనే ఒక చోట సిరా అలుక్కుపోయి ఉంది.

పేజీ తిప్పింది.

ఎనభై ఎనిమిదిలో అదే తేదీ ఉంది. రాత తనది కాదు. ఇంట్లో పాలవాడి చీటీల మీదా, మందుల పెట్టెల మీదా ముప్పై అయిదేళ్ళుగా చూస్తున్న రాత అది.

'మధ్యాహ్నం రెండుంబావుకి మూడో వార్డు, పన్నెండో మంచం. బ్యాగు చల్లారిందని నేనే తీసి, మళ్ళీ మరిగిన నీళ్ళు పోసి పెట్టాను. ట్రైనీ చుట్టిన తువ్వాలు తడిసినందున విప్పి కింద వేశాను. పొడిది తెచ్చి చుడదామనుకున్నాను. కాన్పుల గది నుంచి పిలుపు వచ్చి వెళ్ళిపోయాను. మరచిపోయాను. ట్రైనీ తప్పు లేదు. తప్పు నాది. కమిటీకి చెప్పలేదు. మేట్రన్.'

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేదు. వేలు ఆ పేజీలో పెట్టి పుస్తకం మూసి, ఎదుటి గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి గురించి రాసిన పోస్టరు చూస్తూ కూర్చుంది. ఆ పోస్టరు ఆమె రాయించిందే. కోపం వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఒళ్ళంతా తేలికైపోయి, ఆ తేలికదనానికే భయమేసింది.

తర్వాత మిగిలిన పేజీలు లెక్కపెట్టింది. రెండు వందల పన్నెండు. ఒక్కటీ చిరగలేదు.

"మేడమ్, రండి," అన్నాడు హెడ్ గుమస్తా. "ఇంకో పావుగంటలో మిమ్మల్ని వేరే పేరుతో పిలుస్తాను."

లోపల పెద్ద డాక్టరు, ఇంకో ఇద్దరు సభ్యులు టీ తాగుతున్నారు. ముద్ర, సిరా పెట్టె సిద్ధంగా ఉన్నాయి.

"కంగ్రాచ్యులేషన్స్ సిస్టర్. ఇన్నాళ్ళకి మీ అత్తగారు దయతలిచారన్న మాట! అన్నీ సరిగ్గా ఉన్నాయా?"

ఆమె పెన్ను తీసింది. చివరి పేజీ తెరిచింది. పెన్ను మూత మళ్ళీ పెట్టేసింది.

"రెండు రోజులు గడువు కావాలండీ."

"ఎందుకు?"

"పేజీలు ఇంకోసారి లెక్కపెట్టాలి."

పెద్ద డాక్టరు వాచీ చూసుకుని, శుక్రవారం మధ్యాహ్నం ఒక పది నిమిషాలు కూర్చుంటామని, అది దాటితే తన చేతుల్లో లేదని చెప్పాడు. హెడ్ గుమస్తా ఆమె ముఖంలోకి చూశాడు. జీవితంలో మొదటిసారి ఏ నిబంధనా చెప్పలేదు.

ఆమె మధ్యాహ్నం ఒంటిగంటకే ఇల్లు చేరింది. నౌకరీలో అంత తొందరగా ఎప్పుడూ రాలేదు. గేటు దగ్గర భర్త స్టూలు వేసుకుని, ఒక చేత్తో బోర్డు, ఇంకో చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని ఉన్నాడు. పత్రం మీద సంతకం పడిందన్న సంతోషంలో షాపు మూసేసి వచ్చాడు.

"అయిందా? ఇకనుంచి ఈ బోర్డు నీదా, అమ్మదా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. మేట్రనమ్మ పొద్దున్న కూర్చున్న కుర్చీలోనే ఉంది. బల్ల మీద భోజనం ముట్టుకోలేదు. ఆవిడ తల ఎత్తి చూసింది.

కోడలు పుస్తకం బల్ల మీద పెట్టి, అది చుట్టి తెచ్చిన తువ్వాలు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడైంది. నీళ్ళు కాగిన చప్పుడైంది. గూట్లోంచి బ్యాగు తీసి, మూడు వంతులు నింపి, గాలి బయటికి పోయేలా నొక్కి, మూత బిగించింది. తలకిందులు చేసి కారట్లేదని చూసింది. తువ్వాలు రెండు మడతలు వేసి చుట్టి, ముడి వేసి, తన మణికట్టు లోపలి వైపు ఆనించుకుని చూసుకుంది.

తెచ్చి అత్తగారి మోకాళ్ళ మీద పెట్టింది.

"నువ్వు నింపవుగా ఎప్పుడూ," అంది మేట్రనమ్మ.

"ముప్పై ఏడేళ్ళు నింపలేదు అత్తయ్యా. నింపొచ్చని ఇవాళే తెలిసింది."

మేట్రనమ్మ రెండు చేతులూ బ్యాగు మీద పెట్టుకుంది.

"కమిటీకి ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. శుక్రవారం దాకా టైమిచ్చారు." కోడలు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పుస్తకం చివరి పేజీ తెరిచి, పెన్ను పక్కన పెట్టింది. "సరిగ్గా ఉందని రాస్తే నేను మేట్రన్‌ని. తేడా ఉందని రాస్తే ఇద్దరికీ ఏమీ ఉండదు. ఏం రాయమంటారో మీరే చెప్పండి, మేట్రన్ గారూ."

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమె అత్తగారిని ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

"అమ్మా, మరలు బిగించేయనా?" గేటు దగ్గర్నుంచి కొడుకు కేకేశాడు.

కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఇంట్లోంచి ఎవరూ పలకలేదు.